గుడ్డు బాగోలేదన్నారు, పుట్టే బిడ్డకేమైనా అవుతుందా? ఐవీఎఫ్ జంటలు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విశాఖపట్నంలో ఒక ఐవీఎఫ్ ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్టుని. మా ఊరు ఆమదాలవలస దగ్గర. మా దగ్గరికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జంటలు చాలామంది వస్తారు. గుడ్లు తీసిన రోజు వాళ్ల ఫైల్లో ఒక కాగితం పెడతాం. అందులో గ్రాన్యులర్, వాక్యూల్, ఎస్ఈఆర్ లాంటి మాటలుంటాయి. ఆ కాగితం పట్టుకుని ఇంటికెళ్లాక, రాత్రి నిద్రపట్టక ఫోన్ చేస్తారు. ఆ ఫోన్లలో నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలకే ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

"గుడ్డు బాగోలేదన్నారు మేడమ్. పుట్టే గుంటకి ఏటైనా అవుద్దా?"

చాలా సందర్భాల్లో ఏమీ అవదు. ముందు ఈ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది వింటే తప్ప మిగతాది చెవికెక్కదు.

మైక్రోస్కోప్‌లో కనిపించే లోపాల ప్రభావం బిడ్డ మీద కన్నా, అసలు పిండం తయారవుతుందా లేదా అన్నదాని మీదే ఎక్కువ. గుడ్డు ఫలదీకరణ చెందాలి, రెండు కణాలుగా, నాలుగుగా విడిపోవాలి, 5వ రోజుకి బ్లాస్టోసిస్ట్ (గర్భసంచిలో అంటుకోవడానికి సిద్ధమైన పిండం) కావాలి, తర్వాత గర్భసంచిలో అంటుకోవాలి. సత్తువ లేని గుడ్డు ఈ దారిలో ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఇలాంటి గుడ్ల నుంచి పుట్టిన పిల్లల్ని మిగతా ఐవీఎఫ్ పిల్లలతో పోల్చి చూసిన పరిశోధనల్లో ఎక్కువ వాటిలో బరువులోగానీ, నెలలు నిండటంలోగానీ, అవయవ లోపాల్లోగానీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. రెండు విషయాల్లో మాత్రం జాగ్రత్త పడతాం. ఒకటి మామూలు కన్నా బాగా పెద్దగా ఉండే గుడ్డు, రెండోది ఎస్ఈఆర్ ఉన్న గుడ్డు. వాటి గురించి కింద రాశాను.

బిడ్డకి నిజంగా నష్టం చేసేది క్రోమోజోముల లెక్క తప్పడం. అది మైక్రోస్కోప్‌లో కనిపించదు. చూడ్డానికి ముత్యంలా ఉన్న గుడ్డులోనూ లెక్క తప్పి ఉండొచ్చు, మచ్చలున్న గుడ్డులోనూ లెక్క సరిగ్గా ఉండొచ్చు.

అసలు గుడ్డులో మీరు ఏం చూస్తారు?

గుడ్డు మనిషి ఒంట్లో అతి పెద్ద కణం. అయినా మిల్లీమీటరులో పదో వంతే ఉంటుంది. తీసినప్పుడు దాని చుట్టూ జిగురుగా కణాల మబ్బు పట్టి ఉంటుంది. ఇక్సీ, అంటే ఒక్క వీర్యకణాన్ని సూదితో గుడ్డులోకి పంపే పద్ధతి, చేయాలంటే ఆ కణాల్ని ఎంజైముతో వదిలించాలి. అప్పుడే గుడ్డు లోపల ఏముందో తెలుస్తుంది. మామూలు ఐవీఎఫ్‌లో, అంటే గుడ్డునీ వీర్యకణాల్నీ ఒకే డిష్‌లో వదిలేసే పద్ధతిలో, మర్నాటిదాకా ఆ కణాలు అలాగే ఉంటాయి. మా అక్కకి ఇలాంటి రిపోర్టు ఇవ్వలేదే అని కొందరు అడుగుతారు. ఆమెకి మామూలు ఐవీఎఫ్ చేసి ఉంటే ఇవ్వరు, ఇక్సీ కాబట్టి మీకు ఇచ్చారు. ఆమె గుడ్లు మంచివనీ మీవి కావనీ దానికి అర్థం కాదు.

స్కాన్‌లో 12 ఫాలికిల్స్ (గుడ్లు పెరిగే నీటి సంచులు) అన్నారు, 9 గుడ్లు వచ్చాయి, 6 మాత్రమే మెచ్యూర్ అన్నారు. మిగతావి మీరు పాడుచేశారా?

ఈ ప్రశ్న కోపంగానే అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. అప్పటికే ఎన్నో ఇంజెక్షన్లు పొడిపించుకుని ఉంటారు.

వరి కోసేటప్పుడు చూడండి, ఒకే కంకిలో గట్టిపడిన గింజ ఉంటుంది, ఇంకా పాల మీదున్న గింజ ఉంటుంది, తాలు గింజా ఉంటుంది. గుడ్లూ అంతే. పూర్తిగా పండిన గుడ్డు పక్కన పోలార్ బాడీ అనే చిన్న బుడిపె కనిపిస్తుంది. అది ఉంటేనే ఇక్సీకి పనికొస్తుంది. తీసినవాటిలో నాలుగింట మూడు వంతులకి కాస్త అటూఇటూగా మెచ్యూర్ అయితే అది మామూలు విషయమే. ఆ తర్వాత కూడా ప్రతి మెట్టు దగ్గరా కొన్ని తగ్గుతాయి. 9 గుడ్లు వచ్చిన చోట చివరికి రెండో మూడో బ్లాస్టోసిస్టులు నిలిస్తే మా ల్యాబ్‌లో అందరం సంతోషిస్తాం.

గుడ్డు పండటం ట్రిగ్గర్ ఇంజెక్షన్, అంటే గుడ్లని పండించే చివరి ఇంజెక్షన్, టైము మీద ఆధారపడి ఉంటుంది. ఇంజెక్షన్ పడిన 34 నుంచి 36 గంటల్లో గుడ్లు తీయాలి. ఒకసారి సిరిమాను ఉత్సవం రోజు రాత్రి విజయనగరంలో ఒక అమ్మాయి ట్రిగ్గర్ వేయించుకోవాలి. రోడ్లన్నీ జనం. నర్సు దగ్గరికి చేరేసరికి గంట ఆలస్యమైంది. ఆ అమ్మాయి భయపడి దాచలేదు, వెంటనే ఫోన్ చేసి చెప్పింది. మేం పికప్, అంటే గుడ్లు తీసే టైము, గంట ఆలస్యంగా పెట్టాం. ఏ ఇబ్బందీ రాలేదు. ఇంజెక్షన్ పడిన అసలు టైము చెప్పండి, మేం తిడతామని రాసిచ్చిన టైమే చెప్పకండి. ఇంజెక్షన్లు బస్సులో తీసుకెళ్తుంటే ఐసు పెట్టిన డబ్బాలో పెట్టుకోండి, కానీ గడ్డకట్టనివ్వకండి.

రిపోర్టులో రాసిన ఆ మాటలకి అర్థమేంటి?

గ్రాన్యులర్ అంటే గుడ్డు లోపలి పదార్థం నున్నగా కాకుండా రవ్వరవ్వగా ఉందని. కొద్దిగా ఉంటే పట్టించుకోం. మధ్యలో ముద్దగా, నల్లగా పేరుకుని ఉంటే ఆ గుడ్డు మీద ఆశ కాస్త తగ్గించుకుంటాం. వాక్యూల్ అంటే నీటి బుడగ. చిన్నది ఒకటీ అరా ఉంటే పర్వాలేదు. పెద్దదైతే ఫలదీకరణే జరగకపోవచ్చు, జరిగినా కణాలు విడిపోవడానికి అడ్డం వస్తుంది. రిఫ్రాక్టైల్ బాడీ అంటే మెరిసే చిన్న మచ్చ. జోనా అంటే గుడ్డు చుట్టూ ఉండే పారదర్శకమైన పెంకు, అది మందంగానో ముదురు రంగులోనో కోలగానో ఉందని రాస్తుంటాం. పోలార్ బాడీ ముక్కలైందని కూడా రాస్తాం.

పెంకు, పోలార్ బాడీ, ఆకారం గురించి రాసినవాటికి మీరు నిద్ర పాడుచేసుకోవద్దు. ఇవి మేం రాసుకునే గుర్తులు. ఒక బ్యాచ్‌లో తీసిన గుడ్లన్నిట్లో ఏదో ఒక చిన్న తేడా కనిపించడం చాలా మామూలు. ఏ మచ్చా లేని గుడ్డు నాకు రోజూ కనిపించదు. ఒకటి రెండు గుడ్లలో కాకుండా అన్నిట్లో, అదీ ప్రతిసారీ ఒకే లోపం కనిపిస్తే అప్పుడు ఆలోచించాలి.

ఎస్ఈఆర్ అని రాసి, ఆ గుడ్డు వాడాలా వద్దా మీరే చెప్పండి అన్నారు. మాకేం తెలుస్తుంది?

మీ మీద పెట్టి వదిలేయడం సరికాదు, డాక్టరు కూర్చుని వివరించాలి. నాకు తెలిసింది రాస్తాను.

గుడ్డు లోపల కాల్షియాన్ని దాచి, అవసరమైనప్పుడు వదిలే సన్నని గొట్టాల అమరిక ఉంటుంది. కొన్ని గుడ్లలో అది ఒకచోట చేరి బిళ్లలా కనిపిస్తుంది. దాన్నే ఎస్ఈఆర్ డిస్క్ అంటాం. 2004లో జపాన్ పరిశోధకులు ఇలాంటి గుడ్లున్న సైకిల్స్‌లో (ఐవీఎఫ్ విడతల్లో) గర్భం నిలిచే అవకాశం తగ్గిందని రాశారు. అక్కడ పుట్టిన ఒక బిడ్డకి బెక్‌విత్ వీడెమన్ సిండ్రోమ్ వచ్చింది. అది శరీరం, నాలుక మామూలు కన్నా పెద్దగా పెరిగే జబ్బు. 2011లో ఇస్తాంబుల్‌లో నిపుణులు రాసుకున్న ఒప్పందంలో ఈ గుడ్లని వాడొద్దన్నారు. ఆ తర్వాత చాలా దేశాల ల్యాబుల్లో ఇవే గుడ్ల నుంచి ఆరోగ్యంగా పిల్లలు పుట్టారు. దాంతో ఇప్పుడు చాలా చోట్ల పూర్తిగా పారేయడం లేదు. ముందు మంచి గుడ్ల పిండాలు వాడతారు, వేరే దారి లేనప్పుడే దీన్ని ఆలోచిస్తారు.

నా అభిప్రాయం అడిగితే, మీకు వేరే పిండాలుంటే దీన్ని పక్కన పెట్టండి. అదొక్కటే ఉంటే, డాక్టరుతో మాట్లాడి, గర్భం నిలిస్తే టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) శ్రద్ధగా చేయించుకునే షరతు మీద వాడుకోవచ్చు. అదే బ్యాచ్‌లో ఎస్ఈఆర్ లేని మిగతా గుడ్ల గురించి భయం అక్కర్లేదు.

పెద్ద గుడ్డంటే బలమైనదే కదా, దాన్నెందుకు పారేశారు?

ఒక అత్తగారు నన్ను నిలదీసి అడిగారు. కోడిగుడ్డుకి ఆ లెక్క సరిపోతుంది, ఇక్కడ కాదు. మామూలు గుడ్డుకి రెండింతలు పరిమాణంలో ఉండే జెయింట్ గుడ్డులో క్రోమోజోములు కూడా రెండింతలు ఉంటాయి. దానికి వీర్యకణం కలిస్తే మూడు సెట్లవుతాయి. ఆ గర్భం నిలవదు, నిలిచినా చాలావరకు పోతుంది. అందుకే దాన్ని వాడం. మర్నాడు ఉదయం చూసినప్పుడు రెండు కేంద్రకాలకి బదులు మూడు కనిపించిన పిండాన్ని వదిలేయడానికీ దాదాపు ఇదే కారణం.

మూడుసార్లు చేయించాం. ప్రతిసారీ గుడ్లు పండలేదనో, ఫలదీకరణ కాలేదనో అంటున్నారు. మా మేనరికం వల్లేనా?

మన జిల్లాల్లో ఇది ముఖ్యమైన ప్రశ్న, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

మీరు మేనబావని చేసుకున్నారా అన్నది మీ గుడ్డుకి సంబంధించిన విషయం కాదు. మీ అమ్మానాన్నలది మేనరికమా అన్నది అడగాలి. గుడ్డు పండటానికీ, పెంకు ఏర్పడటానికీ, ఫలదీకరణ జరగడానికీ కొన్ని జన్యువులు పనిచేస్తాయి. ప్రతి జన్యువుకీ రెండు ప్రతులుంటాయి, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. చుట్టరికంలో పెళ్లయితే ఒకే దెబ్బతిన్న ప్రతి రెండు వైపుల నుంచీ కూతురికి చేరే అవకాశం పెరుగుతుంది. పీఏటీఎల్2 జన్యువు అలా దెబ్బతింటే గుడ్లు పచ్చిగానే ఆగిపోతాయి. డబ్ల్యూఈఈ2 దెబ్బతింటే గుడ్డు చూడ్డానికి నిండుగా ఉంటుంది, ఇక్సీ చేసినా ఫలదీకరణ మాత్రం జరగదు. జెడ్‌పీ1 దెబ్బతింటే పెంకు సరిగ్గా ఏర్పడదు. టీయూబీబీ8 అని మరొకటుంది, 2016లో బయటపడింది. దీనికి చాలాసార్లు ఒక్క ప్రతి దెబ్బతిన్నా చాలు, అదీ తండ్రి నుంచి రావచ్చు. తండ్రికి ఏ ఇబ్బందీ ఉండదు, ఎందుకంటే అది గుడ్డులోనే పనిచేసే జన్యువు. అంటే మేనరికం లేని ఇంట్లో కూడా ఇలా జరగొచ్చు.

ఇవి అరుదు. ఒక్కసారి గుడ్లు పండకపోతే ఇదేనని అనుకోవద్దు, ట్రిగ్గర్ మందు మార్చినా, టైము మార్చినా చాలామందికి సరిపోతుంది. రెండు మూడు సార్లు అన్ని గుడ్లూ ఒకే మెట్టు దగ్గర ఆగితే రక్తంతో చేసే ఎక్సోమ్ అనే జన్యు పరీక్ష గురించి అడగండి. జవాబు తెలిస్తే నాలుగోసారీ అదే పని చేసి డబ్బు పోగొట్టుకోకుండా ఉంటారు. మీ చెల్లెలికీ అది పనికొస్తుంది. భూమి తాకట్టు పెట్టి ఐదోసారి వచ్చినవాళ్లని చూశాను. ఆ పరీక్ష మూడోసారి ముందే చేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధపడతాను.

మీ పెళ్లి మేనరికమైతే అది పుట్టబోయే బిడ్డకి సంబంధించిన విషయం. ఏ జంటకైనా 100 మందిలో 2 నుంచి 3 మంది పిల్లలకి పుట్టుకతో లోపం ఉండే అవకాశముంది. దగ్గరి చుట్టరికంలో అది దాదాపు రెట్టింపవుతుంది. ఐవీఎఫ్ మొదలుపెట్టే ముందే తలసీమియా, సికిల్ సెల్ పరీక్ష ఇద్దరూ చేయించుకోండి.

వయసు ఎంత తేడా చేస్తుంది?

అన్నిటికన్నా ఎక్కువ. ఆడపిల్ల పుట్టేటప్పటికే జీవితానికి సరిపడా గుడ్లు లోపలుంటాయి. 38 ఏళ్ల మనిషి గుడ్డుకి 38 ఏళ్ల పైనే వయసు. అన్నేళ్లు క్రోమోజోముల్ని జతగా పట్టి ఉంచిన కట్టు వదులవుతుంది, పంచేటప్పుడు లెక్క తప్పుతుంది. ఇలా ఒక క్రోమోజోము ఎక్కువై వచ్చే డౌన్ సిండ్రోమ్‌తో బిడ్డ పుట్టే అవకాశం 30 ఏళ్లకి సుమారు 900 మందిలో ఒకరికి, 35కి 350 మందిలో ఒకరికి, 40కి 100 మందిలో ఒకరికి, 45కి 30 మందిలో ఒకరికి ఉంటుంది. తొలి నెలల్లో జరిగే గర్భస్రావాల్లో సుమారు సగం ఈ లెక్క తప్పడం వల్లే. బండెక్కినందుకో, బిందె మోసినందుకో కాదు. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకి కూడా వినిపించండి.

ఏఎంహెచ్ అనే హార్మోను రక్తపరీక్షలో తక్కువుంటే గుడ్డు నాణ్యత కూడా తక్కువని చాలామంది అనుకుంటారు. ఏఎంహెచ్ చెప్పేది ఎన్ని గుడ్లున్నాయన్నదే. 28 ఏళ్ల అమ్మాయికి ఏఎంహెచ్ తక్కువున్నా, వచ్చే ఆ కాసిని గుడ్లూ 28 ఏళ్ల గుడ్లే.

క్రోమోజోముల పరీక్ష పిండానికే చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, దాన్ని పీజీటీ అంటారు. 5వ రోజు పిండం బయటి వరుస నుంచి కొన్ని కణాలు తీసి పంపుతారు. వయసు ఎక్కువున్నా, గర్భాలు పదేపదే పోతున్నా ఆలోచించండి. తక్కువ వయసులో ఒకటి రెండు పిండాలే ఉంటే దానివల్ల ఒరిగేది తక్కువ, ఖర్చు ఎక్కువ. ఆడా మగా అని మాత్రం అడగకండి. 1994 నాటి చట్టం ప్రకారం అది నేరం, అడిగితే నాకు బాధేస్తుంది కూడా.

రెండు పిండాలు పెట్టండి, ఒకేసారి కవలలు పుడితే పనైపోతుంది కదా?

గుడ్డులో మచ్చ గురించి వంద ప్రశ్నలు అడిగినవాళ్లు, ఈ మాట నవ్వుతూ అంటారు. పిల్లల ఆరోగ్యం మీద అంత ప్రేమ ఉన్నవాళ్లు ముందు భయపడాల్సింది దీనికే.

కవల గర్భాల్లో సగానికి పైగా 37 వారాల లోపే ప్రసవమవుతాయి. బరువు తక్కువ, ఊపిరితిత్తులు సరిగ్గా ఎదగకపోవడం, రోజుల తరబడి ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ). తల్లికి బీపీ, రక్తస్రావం. నెలలు నిండని ఇద్దరు పసికందుల్ని ఇచ్ఛాపురం నుంచో సాలూరు నుంచో రాత్రిపూట అంబులెన్సులో విశాఖ తీసుకురావడం ఎలా ఉంటుందో ఆలోచించండి. మంచి బ్లాస్టోసిస్ట్ ఉంటే ఒక్కటే పెట్టించుకోండి, రెండోదాన్ని ఫ్రీజ్ చేయించండి. ఫ్రీజ్ చేసినందువల్ల పిల్లలకి లోపాలు పెరగవు. అలాంటి పిల్లలు పుట్టినప్పుడు సగటున కాస్త బరువెక్కువ ఉంటారు, తల్లికి బీపీ పెరిగే అవకాశం కొంచెం ఎక్కువ. అందుకని ప్రతి చెకప్‌లో బీపీ చూపించుకోండి.

మాది ఉద్దానం. మేం వేరేగా ఏమైనా చూసుకోవాలా?

చూసుకోవాలి, ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ కదా. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి ఎవరొచ్చినా క్రియాటినిన్, యూరిన్ ఆల్బుమిన్ పరీక్షలు ముందే చేయించమని చెబుతాను. కిడ్నీ జబ్బు మొదట్లో ఏ గుర్తూ చూపించదు. గర్భం కిడ్నీల మీద బరువు పెంచుతుంది. అక్కడ తేడా ఉండి తెలియకపోతే బీపీ పెరగడం, నెలలు నిండకుండా ప్రసవం, తక్కువ బరువు బిడ్డ, ఇవన్నీ వస్తాయి. మీ గుడ్డు ఎంత బాగున్నా అది ఆదుకోదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి మొదలయ్యాయి కాబట్టి కిడ్నీ డాక్టరు సలహా దగ్గరలోనే దొరుకుతుంది. పికప్ తర్వాత నొప్పి ఉంటే మెడికల్ షాపులో ఇచ్చే పెయిన్ కిల్లర్ వేసుకోకండి, డాక్టరు రాసింది మాత్రమే వేసుకోండి.

గుడ్డు నాణ్యత పెరగడానికి ఏం తినాలి?

పాడైన గుడ్డుని బాగుచేసే తిండిగానీ, పొడిగానీ లేదు. కోక్యూ10, డీహెచ్‌ఈఏ లాంటి మాత్రలు చాలామంది రాస్తారు, వాటికి బలమైన రుజువు లేదు. ఫోలిక్ యాసిడ్ మాత్రం తప్పకుండా వేసుకోండి. అది గుడ్డు కోసం కాదు, బిడ్డ వెన్నుపాము కోసం. థైరాయిడ్, షుగర్ అదుపులో ఉంచుకోండి.

పొగాకు వదిలేయండి. మన తీరప్రాంతంలో చుట్ట నిప్పుని నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఇంకా కొందరు పెద్దావిడల్లో ఉంది. కోడళ్లు కాల్చకపోయినా అదే గదిలో ఆ పొగ పీలుస్తారు. పొగ తాగేవాళ్లకి గుడ్లు త్వరగా తరిగిపోతాయి, నెలసరి ముందే ఆగిపోతుంది. భర్త తాగే సిగరెట్టు కూడా ఇందులోకే వస్తుంది. అతని వీర్యకణాలూ దెబ్బతింటాయి. పిండం సగం ఆయనదే, కాబట్టి పిండం సరిగ్గా ఎదగకపోతే ప్రతిసారీ ఆడమనిషి గుడ్డునే అనకండి.

డోనర్ గుడ్డుకి వెళ్లమంటున్నారు. ఎప్పుడు ఒప్పుకోవాలి?

తొందరపడి ఒప్పుకోవద్దు, అవమానంగానూ అనుకోవద్దు. ఒక్క సైకిల్‌లో గుడ్లు గ్రాన్యులర్‌గా ఉన్నాయని డోనర్ అంటే ఇంకో డాక్టర్ని అడగండి. 43, 44 ఏళ్లు వచ్చినా, జన్యు పరీక్షలో కారణం దొరికినా అది నిజాయితీగల సలహాయే. 2021 నాటి ఏఆర్‌టీ (ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల) చట్టం ప్రకారం డోనర్‌కి 23 నుంచి 35 ఏళ్లుండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, 7 గుడ్లకి మించి తీయకూడదు. చికిత్స తీసుకునే ఆడవాళ్లకి వయసు 50 దాటకూడదు. డోనర్ గుడ్డుతో గర్భస్రావం, డౌన్ సిండ్రోమ్ అవకాశాలు డోనర్ వయసుని బట్టి తగ్గుతాయి. బీపీ మాత్రం పెరిగే అవకాశముంది.

గర్భం నిలిచింది. ఇక్కడే శ్రీకాకుళంలో చూపించుకుంటాం, ఐవీఎఫ్ అని చెప్పాలా?

ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. అది మీ ఇష్టం. కానీ మీకు ప్రసవం చేసే డాక్టరుకీ, స్కాన్ చేసే డాక్టరుకీ చెప్పి తీరాలి. 11 నుంచి 14 వారాల మధ్య చేసే ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ రక్తపరీక్షలో డౌన్ సిండ్రోమ్ లాంటి వాటి రిస్కు లెక్క కట్టేది గుడ్డు వయసుతో. డోనర్ గుడ్డయితే డోనర్ వయసు వేయాలి, రెండేళ్ల కిందట ఫ్రీజ్ చేసిన పిండమైతే అప్పటి మీ వయసు వేయాలి. అత్తగారు పక్కనున్నారని దాచి తప్పు వయసు రాయించుకుని, రిపోర్టులో హై రిస్క్ వచ్చి, రెండు వారాలు ఏడ్చిన అమ్మాయి నాకు తెలుసు. లెక్క సరిచేస్తే రిస్కు తగ్గిపోయింది. మీరు ఒంటరిగా లోపలికి వెళ్లి చెప్పొచ్చు, చీటీ మీద రాసి ఇవ్వొచ్చు.

18 నుంచి 22 వారాల మధ్య టిఫా స్కాన్ తప్పక చేయించండి. ఐవీఎఫ్ గర్భమైతే బిడ్డ గుండె స్కాన్ కూడా చేయించమంటారు, చేయించండి. ప్రసవం తేదీని పిండం పెట్టిన తేదీ నుంచి లెక్కేస్తాం, నెలసరి తేదీ నుంచి కాదు. ఆ తేదీ, ఎన్నో రోజు పిండమో, ఫ్రెష్షో ఫ్రోజెనో ఒక కాగితం మీద రాసివ్వమని మా లాంటివాళ్లని అడగండి. అది 8వ నెల నుంచే ఆసుపత్రి సంచిలో మదర్ కార్డు పక్కన పెట్టుకోండి.